వేసవిలో విశ్వవిద్యాలయ ప్రాంగణంలో డ్రోన్ ఎగరవేసేవారికి జాగ్రత్తలు

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని పైనుంచి చిత్రీకరించదలచినవారు ముందుగా గ్రహించవలసింది, మనుషులు కనిపించనంత మాత్రాన అక్కడి రాళ్లగుట్టలు, పొదలు, చెరువుగట్లు ఖాళీ జాగాలు కావని. ఎండలు ముదిరేకొద్దీ నీరు తగ్గి చుక్కల దుప్పులు, నెమళ్లు బఫెలో లేక్, పీకాక్ లేక్ వంటి చెరువుల దగ్గరికే చేరుతాయి కాబట్టి, వేసవిలో ఆ నీటిమీద డ్రోన్ తిప్పడమంటే వాటిని దాహంతో తరిమేయడమే. తీతువు పిట్టలు ఈ కాలంలోనే గూడు కట్టకుండా గులకరాళ్ల మధ్య నేలమీద గుడ్లు పెడతాయి. డ్రోన్ కిందుగా వస్తే తల్లి గుడ్లు వదిలి ఎగిరిపోతుంది, మిట్టమధ్యాహ్నపు ఎండకు ఆ గుడ్లు పాడైపోతాయి. నెమలికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోనే రక్షణ ఉంది. దృశ్యం బాగుంటుందని ఏ జంతువునూ వెంబడించకూడదు. గద్ద వచ్చి డ్రోన్ చుట్టూ తిరగడం మొదలుపెడితే దాన్ని వెంటనే వెనక్కి రప్పించి దించేయాలి.

అంతకన్నా భయపడవలసింది నిప్పుకు. కూలిన డ్రోన్‌లో లిథియం బ్యాటరీ చితికితే మండుతుంది, ఎండిన గడ్డిలో ఆ మంట క్షణాల్లో పాకుతుంది. అందువల్ల గడ్డి మైదానాల మీదుగా కాక, రోడ్లు, చదునైన నేల ఉన్నచోటనే, పొద్దున చల్లటి వేళ ఎగరవేయడం మేలు. ఉబ్బిన బ్యాటరీని వాడకూడదు. కారులో ఎండకు వదిలేయకూడదు. సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తాను తిరిగివచ్చే ఎత్తును చుట్టుపక్కల చెట్లకూ భవనాలకూ మించి ముందే అమర్చుకోవాలి, ఎందుకంటే సన్నటి కొమ్మలనూ కరెంటు తీగలనూ సెన్సర్లు చాలాసార్లు పసిగట్టలేవు.

2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములకు మించిన డ్రోన్‌ను రిజిస్టరు చేయించి గుర్తింపు సంఖ్య పొందాలి, థర్డ్ పార్టీ బీమా కూడా ఉండాలి. ఎక్కడ డ్రోన్ ఎగరవేయవచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపును ఎగరవేసే రోజునే చూడాలి, ఎందుకంటే తాత్కాలికంగా ఎర్ర జోన్ (కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరవేయకూడని చోటు) ప్రకటించే వీలుంది. ముందస్తు అనుమతి అక్కరలేని ఆకుపచ్చ జోన్ అయినా 400 అడుగుల ఎత్తు దాటకూడదు. ఆ రంగు గగనతలానికి సంబంధించినదే తప్ప స్థలం యజమాని ఒప్పుకున్నట్టు కాదు. కనుక విశ్వవిద్యాలయ అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని, భద్రతా సిబ్బందికి సమయమూ చోటూ ముందే తెలియజేయాలి. హాస్టళ్ల వైపు, ముఖ్యంగా అమ్మాయిల హాస్టళ్ల వైపు, కెమెరా తిప్పడానికి ఏ అనుమతీ చాలదు.

డ్రోన్ పొదల్లో పడితే ఒంటరిగా వెతకబోకండి, పాములుంటాయి. పొగ కనిపిస్తే పరికరం సంగతి వదిలేసి, 101కీ భద్రతా సిబ్బందికీ ఫోన్ చేయండి.