పెళ్ళి డీవీడీ ఆడకపోతే: డిస్క్ నుంచి టీవీ దాకా తేడా ఎక్కడుందో చూసుకోవడం

మా కింద వాటాలో ఉండే పిన్ని మొన్న ఒక డీవీడీ పట్టుకొచ్చింది. వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళిది, 2009 నాటిది. పిన్ని వాళ్ళ నాన్నగారి గొంతు ఇప్పుడు ఆ డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ప్లేయర్‌లో పెడితే "నో డిస్క్" అంటోందట. చెబుతూనే చీర కొంగుతో డిస్క్‌ని గుండ్రంగా రుద్దేస్తోంది. ముందు ఆ రుద్దడం ఆపించాను.

డిస్క్‌లో డేటా మధ్యలోంచి అంచు వైపు చుట్టలు చుట్టలుగా ఉంటుంది. గుండ్రంగా రుద్దితే పడే గీత ఒకే చుట్ట వెంబడి సాగుతుంది, వరసగా ఉన్న డేటా పోతుంది. మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిస్తే, గీత పడినా ఒక్కో చుట్టలో కొంచెమే తగులుతుంది. ఆ కాస్త నష్టాన్ని ప్లేయర్ సరిదిద్దుకోగలదు. మెత్తటి నూలు బట్ట, మంచినీళ్ళ తడి చాలు. జిడ్డు ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. పూర్తిగా ఆరాకే ప్లేయర్‌లో పెట్టండి.

"నో డిస్క్" అంటే

తప్పు డిస్క్‌దా, ప్లేయర్‌దా అన్నది ముందు తేలాలి. ఈ డిస్క్ వేరే ప్లేయర్‌లో వేసి చూడండి, ఈ ప్లేయర్‌లో వేరే డిస్క్ వేసి చూడండి. ఈ రెండూ చూడకుండా షాపుకి వెళ్ళొద్దు.

ఏ డిస్కూ ఆడకపోతే లెన్స్ మీద అనుమానం పెట్టుకోవాలి. మేం ఉండేది విశాఖపట్నం పెదవాల్తేరు. బీచ్ దగ్గర కావడంతో ఉప్పుగాలి, తేమ ఏడాది పొడుగునా ఉంటాయి. లెన్స్ మీద పలచని మసక పొర పేరుకుంటుంది. ప్లగ్ తీసేసి, మూత విప్పి, కాటన్ బడ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్ది, నొక్కకుండా తుడవాలి. లెన్స్ సన్నటి తీగల మీద నిలబడి ఉంటుంది, గట్టిగా నొక్కితే ఇక అంతే. ఇంకో విషయం: ఏసీ గదిలో ఉన్న ప్లేయర్‌ని హాల్లోకి తెచ్చి వెంటనే ఆన్ చేస్తే లెన్స్‌కి చెమ్మ పట్టి డిస్క్ చదవదు. గంటా రెండు గంటలు ఊరికే వదిలేయండి.

సీడీలు ఆడుతూ డీవీడీలు మాత్రమే ఆడకపోతే (లేదా డీవీడీలు ఆడుతూ సీడీలు ఆడకపోతే) కంగారు పడకండి, అది మంచి ఆధారం. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్ వాడతారు. రెండిట్లో ఒకటి నీరసపడి ఉండొచ్చు. లెన్స్ తుడిచినా తేడా లేకపోతే పికప్ (లేజరూ లెన్సూ కలిసి ఉండే భాగం) మార్చాలి, అది మెకానిక్ పని.

ఒక్క డిస్కే ఆడకపోతే దాన్ని లైటుకి అడ్డంగా పట్టుకుని చూడండి. సీడీ అయితే పేరు రాసే వైపు గీతే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే డేటా పొర ఆ రంగు కిందే ఉంటుంది. డీవీడీలో అది రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది. ఇంట్లో రికార్డు చేసుకున్న డిస్క్ కంప్యూటర్‌లో ఆడి ప్లేయర్‌లో ఆడకపోతే ఫైనలైజ్ (వేరే ప్లేయర్లు చదివేలా రికార్డింగ్‌ని ముగించడం) చేసి ఉండరు. రికార్డు చేసిన మెషీన్‌లోనే, లేదా అదే రకం మెషీన్‌లో ఆ పని పూర్తి చేయించాలి.

అమెరికా నుంచి ఎవరైనా పంపిన సినిమా డీవీడీ "రీజియన్" అని ఆగిపోతే, సినిమా డీవీడీలకి ప్రాంతాన్ని బట్టి ఒక నంబరు ఉంటుంది, అది అక్కడి రీజియన్ 1 డిస్క్. మనది 5. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు గానీ 5 సార్లే, తర్వాత చివరిదే ఖాయమైపోతుంది. ఒక్క సినిమా కోసం ఆ పని చేయకండి.

పిన్ని డిస్క్ తుడిచాక లోడ్ అయింది. 40 నిమిషాల దగ్గర ఆగిపోయింది. మా పాత ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో పెడితే అదే చోటు దాటింది, నెమ్మదిగా. ఒక డ్రైవ్ వదిలేసిన డిస్క్‌ని ఇంకోటి చదవడం మామూలే, అందుకే రెండు మూడు డ్రైవ్‌ల్లో చూడకుండా ఆశ వదులుకోకండి. ఆడినప్పుడే కాపీ తీసేసుకోవాలి. దానికి డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడాను. చదవగలిగిందంతా ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకి తర్వాత మళ్ళీ మళ్ళీ వస్తుంది. సాయంత్రం మొదలుపెడితే రాత్రి భోజనాల తర్వాత అయింది.

పెన్‌డ్రైవ్ దగ్గర

కాపీ 4.3 జీబీ వచ్చింది. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉన్నా ఎక్కలేదు. కారణం ఫ్యాట్32 ఫార్మాట్ (డ్రైవ్‌లో ఫైళ్ళని సర్దే ఒక పద్ధతి): ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. పరిష్కారం ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి ఫార్మాట్ చేయడం (లోపల ఉన్నదంతా పోతుంది, ముందు దింపుకోండి). కానీ పాత ప్లేయర్లు కొన్ని ఫ్యాట్32 తప్ప చదవవు. అలాంటి వాటికి ఫైలు సైజే తగ్గించాలి. పెద్ద హార్డ్ డిస్క్ పెడితే టక్ టక్‌మని ఆగిపోతుంటే ఫార్మాట్ తప్పు కాకపోవచ్చు, కరెంటు చాలట్లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. విడిగా అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టండి.

బొమ్మ ఉంది శబ్దం లేదు, శబ్దం ఉంది బొమ్మ లేదు

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. ఎంకేవీ, ఎంపీ4, ఏవీఐ అన్నవి టిఫిన్ క్యారియర్ లాంటివి. గిన్నె ఒకటే, లోపల ఉప్మా ఉండొచ్చు, పులిహోర ఉండొచ్చు. లోపలున్నది కోడెక్, అంటే బొమ్మనీ శబ్దాన్నీ కుదించి పెట్టిన పద్ధతి. ఫైలు పేరు చివర మార్చినంత మాత్రాన లోపలిది మారదు. మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైలు తెరిస్తే లోపల ఏముందో చెబుతుంది.

శబ్దం రాకపోతే చాలాసార్లు ఆడియో డీటీఎస్ అనే కోడెక్ అయి ఉంటుంది. వీడియోని ముట్టుకోకుండా ఆడియో ఒక్కటే ఏఏసీ అనే ఇంకో కోడెక్‌లోకి మార్చండి, కొద్ది నిమిషాల పని. బొమ్మ రాకపోతే హెచ్‌ఈవీసీ అనే వీడియో కోడెక్ కావచ్చు, ముఖ్యంగా 10 బిట్ (రంగు ఛాయలు ఎక్కువ ఉండే రకం) అయితే. ఆ కోడెక్ 2013లో ఖరారైంది, అంతకు ముందు కొన్న టీవీకి అది తెలియదు. పిన్ని టీవీ 2012ది. పెళ్ళి వీడియోని హ్యాండ్‌బ్రేక్ అనే కోడెక్ మార్చే ప్రోగ్రామ్‌లో నేను మొదట హెచ్‌ఈవీసీలోకి మార్చాను, సైజు చిన్నదైంది, టీవీ "సపోర్ట్ చేయదు" అంది. దానికన్నా పాత కోడెక్ హెచ్.264, 8 బిట్‌లోకి మార్చాక ఆడింది. యూఎస్‌బీ పోర్టు ఉన్న పాత డీవీడీ ప్లేయర్లయితే చాలావరకు హెచ్.264 కూడా తీసుకోవు, ఎక్స్‌విడ్ అనే ఇంకా పాత కోడెక్‌తో ఏవీఐ చేయాలి.

సబ్‌టైటిల్స్ తెలుగులో గళ్ళుగా వస్తే సబ్‌టైటిల్స్ ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైలుని యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలు పట్టే పద్ధతి)లో సేవ్ చేయండి. అయినా గళ్ళే వస్తే టీవీలో తెలుగు ఫాంట్ లేదు. అక్షరాలని వీడియోలోనే కలిపేయాలి.

పిన్ని వీడియోలో రెండు మూడు చోట్ల బొమ్మ చదరాలు చదరాలుగా విడిపోయింది. తాతగారి మాట మాత్రం మధ్యలో ఒక్కసారి తెగింది, మిగతాదంతా వచ్చింది. ఒక కాపీ పిన్ని హార్డ్ డిస్క్‌లో, ఒకటి హైదరాబాద్‌లో ఉన్న పెద్దమ్మాయి దగ్గర ఉంది. అసలు డిస్క్‌ని కవర్‌లో నిలబెట్టి, ఎండ తగలని బీరువా అరలో పెట్టించాను.