ట్యాంక్ సైజును బట్టి చేపలను ఎంచుకోవడం ఎలా?

కొత్తగా అక్వేరియం పెట్టేవాళ్లలో చాలామంది ముందు చేపల మీద మనసు పడతారు, ఆ తర్వాత వాటికి ఇల్లు వెతుకుతారు. నేనూ అంతే. షాపులో చిటికెన వేలంత 'షార్క్'లు ముచ్చటగా కనిపిస్తే రెండు తెచ్చి రెండడుగుల ట్యాంకులో వేశాను. అవి షార్కులే కాదని, నదుల్లో మీటరు దాటి పెరిగే ఒక రకం క్యాట్‌ఫిష్ పిల్లలని తెలిసేసరికి ఏడాది గడిచింది. అప్పటికే జానెడు దాటాయి. గదిలో లైటు వేస్తే చాలు, బెదిరిపోయి అద్దానికి ముక్కు గుద్దుకునేవి. ఆ దెబ్బ తెల్లటి మచ్చలా కనిపించేది. చివరికి పెద్ద ట్యాంక్ ఉన్న స్నేహితుడికి ఇచ్చేశాను. అందుకే ఈ లెక్క చేపతో కాకుండా ట్యాంకుతో మొదలుపెడదాం.

1. ముందు టేపు తీయండి

ట్యాంక్ పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడింటినీ గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 × 30 × 36 ట్యాంక్ తీసుకోండి. లెక్క ప్రకారం దాదాపు 65 లీటర్లు. కానీ ఎవరూ అంచు దాకా నీళ్లు నింపరు కదా. పైన నాలుగు సెంటీమీటర్లు వదిలేసి, అడుగున ఐదు సెంటీమీటర్ల గులకరాళ్లు పోస్తే చేప ఈదే నీళ్లు 50 లీటర్ల దగ్గరే ఆగుతాయి. ఒక పెద్ద రాయి, ఓ కొయ్య ముక్క పెడితే ఇంకా తగ్గుతాయి. ఇకపై మీ లెక్కంతా ఈ 50తోనే, డబ్బా మీద రాసిన అంకెతో కాదు.

2. చేప ఇప్పుడెంత ఉందో కాదు, ఎంతవుతుందో చూడండి

షాపులో అమ్మేవన్నీ దాదాపు పిల్లలే. నియాన్ టెట్రా పెరిగినా మూడు, మూడున్నర సెంటీమీటర్లే. ఆస్కార్ 30 సెంటీమీటర్లవుతుంది. అద్దానికి అతుక్కుని నాచు తింటుందని కొనే సక్కర్ చేపల్లో మామూలు రకం కూడా 30 దాటిపోతుంది. ఇక గోల్డ్‌ఫిష్ సంగతి. గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్ బొమ్మ మనందరి బుర్రలో పాతుకుపోయింది గానీ, గుండ్రంగా ఉండే ఫ్యాన్సీ రకమే 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పొడవాటి మామూలు రకం అంతకు రెట్టింపవుతుంది. తిండెక్కువ, మలమూ ఎక్కువే. ఫ్యాన్సీ రకమైతే మొదటి చేపకు 75 లీటర్లు, ఆపై ఒక్కోదానికి మరో 40 లీటర్లు అని పెంచేవాళ్లు లెక్క వేసుకుంటారు. అంటే మన 50 లీటర్ల ట్యాంకులో ఒక్క గోల్డ్‌ఫిష్ కూడా పట్టదు. వినడానికి కష్టంగానే ఉంటుంది!

'ట్యాంక్ ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది' అనే మాట మీరు తప్పకుండా వింటారు. ఇరుకు ట్యాంకులో, పాడైన నీళ్లలో చేప ఎదుగుదల ఆగిపోయే మాట నిజమే. అయితే అది సర్దుకుపోవడం కాదు, గిడసబారిపోవడం. అలాంటి చేప వెన్ను వంకరపోవచ్చు, ఆయుష్షు తగ్గుతుంది.

3. సెంటీమీటర్ల లెక్క చిన్న చేపలకే

ఒక సెంటీమీటరు చేపకు ఒకటి నుంచి రెండు లీటర్ల నీళ్లు అనే పాత లెక్క ఒకటుంది. ఐదు సెంటీమీటర్ల లోపు సన్నటి చేపలకు మొదట్లో ఇది పనికొస్తుంది, ఫిల్టర్ బాగుంటేనే. పెద్ద చేపల దగ్గర మాత్రం ఘోరంగా తప్పుతుంది. మూడు సెంటీమీటర్ల టెట్రాలు పది కలిపితే 30 సెంటీమీటర్లు. ఒక్క ఆస్కార్ కూడా 30 సెంటీమీటర్లే. మరి రెండూ సమానమా? పొడవు పది రెట్లయితే వెడల్పూ ఎత్తూ కూడా పది రెట్లవుతాయి, బరువు సుమారు వెయ్యి రెట్లవుతుంది. అంటే ఆ ఒక్క ఆస్కార్ పది టెట్రాల కంటే వందింతలు బరువు. నీటిని పాడుచేసేది చేప పొడవు కాదు, దాని ఒళ్లు.

4. లీటర్లు సరిపోతే చాలదు, ఆకారం కూడా కుదరాలి

ఒకే నీళ్లు పట్టే రెండు ట్యాంకుల్లో పొడుగ్గా, వెడల్పుగా ఉన్నదే చాలా చేపలకు మేలు. ఆక్సిజన్ నీటిలో కలిసేది ఎక్కువగా పై ఉపరితలం నుంచే కాబట్టి, సన్నగా నిటారుగా ఉండే ట్యాంక్ చూడ్డానికి అందంగా ఉన్నా తక్కువ చేపల్నే మోస్తుంది. మూతి దగ్గర కుంచించుకుపోయే గిన్నెలు మరీ దండగ.

ఈత కూడా ముఖ్యమే. జీబ్రా డేనియో ఐదు సెంటీమీటర్ల చేపే అయినా రోజంతా ఆ చివర నుంచి ఈ చివరకు పరుగులే. దానికి కనీసం 60 సెంటీమీటర్ల పొడవు కావాలి. ఏంజెల్ ఫిష్‌కు కావలసింది ఎత్తు. పైనా కిందా రెక్కలు సాగాక అది 20 సెంటీమీటర్ల ఎత్తు దాటగలదు, కాబట్టి 45 సెంటీమీటర్ల లోతున్న ట్యాంక్ చూసుకోండి. ఫైటర్ చేప నీటి పైకొచ్చి గాలి కూడా పీల్చుకోగలదు, ఎక్కువ దూరం ఈదదు. అందుకే 20 లీటర్లలో హాయిగా ఉంటుంది. అలాగని కప్పులో పెట్టమని కాదు.

5. ఎవరి పక్కన ఎవరు?

టెట్రాలు, డేనియోలు, కోరీలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు) గుంపు చేపలు. ఆరుకు తగ్గితే టెన్షన్‌తో మూలల్లో నక్కుతాయి. కాబట్టి 'ఒకటి ఇది, ఒకటి అది' అని రంగులు ఏరుకోవద్దు, రకాలు తగ్గించి సంఖ్య పెంచండి. మగ ఫైటర్లు రెండింటిని కలిపితే కొట్టుకు చస్తాయి. టైగర్ బార్బ్ పక్కవాళ్ల పొడవాటి రెక్కల్ని కొరుకుతుంది. పెరిగిన ఏంజెల్ నోట్లో నియాన్ టెట్రా ఇట్టే పడుతుంది. గప్పీ, మోలీ, ప్లాటీ ఆడా మగా కలిపి తెస్తే దాదాపు నెలకోసారి పిల్లలు పుడతాయి. మీ లెక్కంతా తలకిందులు. ట్యాంక్ చిన్నదైతే మగ గప్పీలు మాత్రమే తెచ్చుకోండి, రంగులు కూడా వాటికే ఎక్కువ.

6. కాగితం మీద రాసుకుని షాపుకెళ్లండి

మన 50 లీటర్ల ట్యాంకుకు నేనైతే ఇలా రాస్తాను: నియాన్ టెట్రాలు ఎనిమిది, అడుగున మరుగుజ్జు కోరీలు ఆరు. అంతే. నీటి మధ్యలో ఒక గుంపు, కింద ఒక గుంపు. టెట్రాలు వద్దనుకుంటే ఏడెనిమిది మగ గప్పీలు. 20 లీటర్లయితే ఒక్క ఫైటర్. 110 లీటర్లు దాటితే టెట్రాలు పన్నెండు, మామూలు కోరీలు ఆరు, పైన ఒక డ్వార్ఫ్ గురామీ పెట్టుకోవచ్చు. రాసుకున్న జాబితాలో లేని చేప ఎంత అందంగా కనబడ్డా ఆ రోజు కొనకండి. ఇంటికొచ్చి అది ఎంత పెరుగుతుందో చూసుకుని మరోసారి వెళ్లండి.

7. అన్నీ ఒకేసారి వేయకండి

చేపల మలం, మిగిలిన తిండి అమ్మోనియాగా మారతాయి. దాన్ని నైట్రైట్‌గా, ఆపై అంతగా హానిలేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగాలి. కొత్త ట్యాంకులో దీనికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ చేపల్లేకుండా చిటికెడు తిండి మాత్రం వేస్తూ ఉండండి, దాన్నుంచి పుట్టే అమ్మోనియాతోనే ఆ బ్యాక్టీరియా పెరుగుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ పెరిగి, తిరిగి రెండూ సున్నా చూపించాకే మొదటి చిన్న గుంపు. వారం, రెండు వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేసి రెండో గుంపు.

చేపలు ఎక్కువయ్యాయా అన్నది తెల్లవారుజామున లైటు వేయకముందు తెలుస్తుంది. రాత్రంతా మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి అప్పుడే అది అతి తక్కువగా ఉంటుంది. చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే అప్పటికప్పుడు ఎయిర్ పంప్ పెట్టి, క్లోరిన్ తీసేసిన నీళ్లతో సగం వరకు మార్చి, అమ్మోనియా చూడండి. రోజూ అదే తంతైతే కొన్నింటిని వేరే ట్యాంకుకు పంపాల్సిందే. తిరిగి తీసుకుంటారేమో షాపులో అడగండి, పెంచే స్నేహితులకివ్వండి. చెరువులోనో కాలువలోనో మాత్రం వదలొద్దు. అలా బయటపడ్డ సక్కర్ చేపలు చాలా దేశాల నదుల్లో తామరతంపరగా పెరిగి, అక్కడి చేపల తిండినీ చోటునూ ఆక్రమించాయి.