నలుగురు కలిసి స్టెప్‌మేనియా ప్యాక్ చేయాలంటే

స్టెప్‌మేనియా అంటే పాటకు తగ్గట్టు తెర మీద వచ్చే బాణాలను కాళ్లతోనో కీబోర్డుతోనో కొట్టే కంప్యూటర్ ఆట, పాటలు, వాటి బాణాలు కలిపిన మూటే ప్యాక్. మనమే ఒక పాటల ప్యాక్ చేద్దాం అని గ్రూపులో ఎవరో ఒకరు అనగానే అందరూ ఎడిటర్ తెరిచి బాణాలు పెట్టేస్తారు, సరదా అంతా అక్కడే ఉంది మరి. కానీ చాలా ప్యాకులు ఆగిపోయేది బాణాల దగ్గర కాదు, పాట హక్కుల దగ్గర లేదంటే టైమింగ్ దగ్గర. ఈ రెండూ తేలేదాకా ఎవరూ ఒక్క బాణం కూడా పెట్టొద్దు.

స్టెప్‌మేనియా ఉచితం, ఓపెన్ సోర్స్. అంతమాత్రాన అందులో వేసే పాట ఉచితం అయిపోదు. క్రియేటివ్ కామన్స్ (కొన్ని షరతులతో ముందే అనుమతి ఇచ్చే) లైసెన్సుతో పంచిన పాటలు వెతకండి. లైసెన్స్ పేరులో 'ఎన్‌డీ' (నో డెరివేటివ్స్, అంటే మార్పులు వద్దు) ఉంటే మాత్రం వదిలేయండి. పాటను కదిలే బొమ్మతో టైమ్ కలిపి వాడితే మార్పు చేసినట్టే అని ఆ లైసెన్స్ 4.0 వెర్షన్ పాఠంలోనే ఉంది, మార్చినదాన్ని పంచడానికి ఎన్‌డీ ఒప్పుకోదు. 'ఎన్‌సీ' ఉంటే డబ్బు సంపాదనకు వాడకూడదని అర్థం, కాబట్టి ప్యాక్ ఎప్పటికీ ఉచితంగానే ఉండాలి. అసలు లైసెన్సే లేని పాట బాగా నచ్చేసిందా, కళాకారులనే నేరుగా అడగండి. పూర్తి ఆడియో ఫైల్ ప్యాక్‌లో ఉంటుందని, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చని, పేరు ఎలా వేస్తారో కూడా చెప్పి అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకుని దాచుకోండి. జవాబు రాకపోతే ఆ పాట లేదు, అంతే.

ఇక టైమింగ్. ఒక పాటకు టైమింగ్ చూసేది ఒక్కరే. ఆ మనిషి టెంపో (నిమిషానికి ఎన్ని బీట్లు), ఆఫ్‌సెట్ (ఆడియోలో మొదటి బీట్ ఎక్కడ పడుతుందో) ఖాయం చేసి "లాక్" అన్నాకే మిగతావాళ్లు చేయి పెట్టాలి. ఇంత పట్టుదల ఎందుకో లెక్క వేసి చూడండి. పాట అసలు టెంపో 120, మీరు 120.1 అని పెట్టారు. మొదటి పది సెకన్లలో తేడా ఎవరికీ వినపడదు, కానీ మూడు నిమిషాలకు 360 బీట్లు గడిచేసరికి మీ బీట్ అసలు బీట్ కంటే దాదాపు 150 మిల్లీసెకన్లు ముందుకు వెళ్లిపోతుంది, అప్పుడు ఎంత బాగా ఆడేవాళ్లకైనా ప్రతి అడుగూ తప్పుగానే పడుతుంది. అందుకే పాట మొదలు మాత్రమే చూసి సరిపోయిందనుకోకండి, ఎడిటర్‌లో బీట్ టిక్ (ప్రతి బీట్‌కు వచ్చే టిక్ శబ్దం) పెట్టుకుని మధ్యలో ఒకచోట, చివర ఒకచోట వినండి. మనిషి డ్రమ్స్ వాయించిన రికార్డింగ్ అయితే టెంపో అక్కడక్కడా కదులుతూనే ఉంటుంది, దానికి చాలాచోట్ల టెంపో మార్పులు పెట్టాలి, మొదటి ప్యాక్‌లో అలాంటి పాటల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఆడియో ఓజీజీ ఫార్మాట్‌లో ఉంచండి. ఎంపీ3 మొదట్లో చేరే చిన్న నిశ్శబ్దాన్ని ఒక్కో డీకోడర్ ఒక్కోలా చదువుతుంది, దాంతో ఒకరి దగ్గర కుదిరిన సింక్ (పాట, బాణాలు ఒకేసారి కలవడం) ఇంకొకరి దగ్గర కుదరదు. లాక్ చేశాక ఆడియో ఫైల్‌ను మళ్లీ కత్తిరించడం, మళ్లీ ఎన్‌కోడ్ చేయడం వద్దు. ఇంకొకటి, ఇలాంటి బాణాల ఆటే అయిన 'ఇన్ ది గ్రూవ్' నుంచి వచ్చిన 9 మిల్లీసెకన్ల ఆఫ్‌సెట్ తేడా. కొన్ని ప్యాకులు ఆ తేడాతో, కొన్ని సున్నాతో సింక్ చేసి ఉంటాయి. మీ ప్యాక్ మొత్తానికి ఏదో ఒకటే పెట్టుకోండి.

పని పంచుకునేటప్పుడు ఒక పాటను ఒకరికే, తేలిక నుంచి కష్టం దాకా అన్ని స్థాయిలతో కలిపి ఇవ్వడం నాకు ఇష్టం. పల్లవి ఒకరు, చరణాలు ఒకరు రాస్తే అతుకు తెలిసిపోతుంది. కష్టమైన చార్ట్ (ఒక స్థాయికి రాసిన బాణాల వరస) నుంచి బాణాలు తీసేసి తేలిక చార్ట్ చేయొద్దు, కొత్తగా ఆడేవాళ్లకు పాటలో ఏది వినపడుతుందో దాన్ని పట్టుకుని విడిగా రాయండి, వాళ్లు ఈ ఆటలో ఉండాలా వద్దా అన్నది తేలేది ఆ చార్ట్ దగ్గరే. టైమింగ్, బాణాలు ఉండే ఎస్ఎం ఫైల్ మామూలు టెక్స్ట్ ఫైలే కాబట్టి గిట్‌లో (ఎవరు ఏం మార్చారో దాచి కలిపే ప్రోగ్రామ్‌లో) పెట్టుకోవచ్చు. గిట్ రాకపోతే ఒక ఫైల్ ఒక సమయంలో ఒకరి దగ్గరే ఉండాలి, లేదంటే ఒకరి పని మీద ఇంకొకరు సేవ్ కొట్టేస్తారు.

చార్ట్ రాసినవాళ్లు కాకుండా వేరేవాళ్లు ఆడి చూడాలి. ముందు సింక్ బాగుందని అందరూ ఒప్పుకున్న పాట ఒకటి ఆడించండి, అదీ తేడాగా వస్తే సమస్య వాళ్ల సిస్టమ్ సెట్టింగ్‌లో, బహుశా బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో ఉంది. అభిప్రాయం "ఎందుకో బాలేదు" అని కాకుండా "36వ మెజర్ (నాలుగు బీట్ల గుంపు) మూడో బీట్‌లో బాణం ఉంది, అక్కడ పాటలో ఏ శబ్దమూ లేదు" అని రావాలి. కాళ్లతో ఆడే మనిషి ఒక్కరైనా ఉండాలి. 150 టెంపోలో పదహారో నోట్ల (బీట్‌కు నాలుగు బాణాల) వరస అంటే సెకనుకు పది అడుగులు, వేళ్లకు తేలికే కానీ కాళ్లకు కాదు.

విడుదల ముందు ఫైల్ పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం సరిచూడండి. ఈ తేడాను విండోస్ పట్టించుకోదు, లైనక్స్ పట్టించుకుంటుంది. క్రెడిట్ గడిలో చార్ట్ రాసినవాళ్ల పేరు, విడిగా ఒక టెక్స్ట్ ఫైల్‌లో ప్రతి పాట కళాకారులు, లైసెన్స్, టైమింగ్ చేసినవాళ్లు, ఆడి చూసినవాళ్లు అందరి పేర్లూ వేయండి. జిప్ పేరులో వెర్షన్ నంబర్ ఉండాలి. సింక్ ఒక్క పాటలో సరిచేసినా ఆ నంబర్ మారాలి, ఏం మారిందో ఆ టెక్స్ట్ ఫైల్‌లోనే ఒక వాక్యం చేర్చండి.