గవర్నమెంటు ప్రైమరీ స్కూల్లో వేసే ముందు ఏం చూడాలి, ఎవర్ని అడగాలి

అమలాపురం దగ్గర పల్లెటూళ్లో నేను టైలరింగ్ చేస్తాను. మా ఇద్దరమ్మాయిలూ ఐదో తరగతి దాకా మా ఊరి మండల పరిషత్ బడిలోనే చదివారు. ఆ బడి పేరెంట్స్ కమిటీలో కూడా ఉన్నాను. వేసవి వచ్చిందంటే జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చే ఆడవాళ్లు తప్పకుండా అడుగుతారు: "మన స్కూలు బాగుంటుందా అక్కా, పిల్లాణ్ణి వేసేయొచ్చా?" అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చి పంపడం నాకిష్టం ఉండదు. వెళ్లి చూడమంటాను. ఏం చూడాలో తెలిస్తే ఒక పూట చాలు.

ఎప్పుడు వెళ్తామన్నది ముఖ్యం. జూన్‌లో బడి తెరిచిన కొత్తలో అడ్మిషన్ల హడావిడి, పుస్తకాల పంపకం ఉంటాయి. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు. ఆగస్టు పదిహేనున వెళ్తే పిల్లల డ్యాన్సులు చూసి రావచ్చు, చదువు మాత్రం కనబడదు. దసరా సెలవులు అయ్యాక, సంక్రాంతి సెలవులు రాకముందు ఏదో ఒక మామూలు రోజు ప్రార్థన టైముకి వెళ్లండి. వచ్చే ఏడాది మా పిల్లని చేర్పిద్దామనుకుంటున్నాం, ఒకసారి చూసి వెళ్తామని హెడ్మాస్టారిని అడగండి. తనిఖీకి వచ్చినట్టు మాట్లాడకపోతే చాలామంది సంతోషంగానే కూర్చోబెడతారు.

రంగులు చూసి మాత్రం నిర్ణయానికి రావద్దు. 2019లో మొదలైన నాడు-నేడు అనే బడుల బాగుచేత పథకంతో చాలా బడులకి బెంచీలు, ఫ్యాన్లు, టాయిలెట్లు వచ్చాయి. అవి రావడం మంచిదే, మా పిల్లలు నేలమీద కూర్చునే బాధ తప్పింది. కానీ గోడమీద ఎంత అందమైన బొమ్మ ఉన్నా మీ పిల్లకి గుణింతం నేర్పేది టీచరే. అందుకని మొదటి ప్రశ్న టీచర్ల గురించి అడగండి.

ఆ అడగడం కూడా వివరంగా అడగాలి. "ఎంతమంది టీచర్లు?" అంటే రిజిస్టర్లో ఉన్న సంఖ్య చెబుతారు. "ఇవాళ ఎంతమంది వచ్చారు? ఎవరైనా డిప్యుటేషన్ మీద వేరే బడికి వెళ్లారా? లాంగ్ లీవ్‌లో ఉన్నారా?" అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు ఉండాలి. అంటే యాభై మంది ఉన్న బడిలో ఐదు తరగతులకీ ఇద్దరే టీచర్లుంటే అది రూలు ప్రకారమే. కష్టమల్లా ఆ ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టిన రోజునే.

ఇద్దరే ఉన్న బడిని చూసి భయపడక్కర్లేదు. ఒకరు రెండు మూడు తరగతులు కలిపి ఎలా నడుపుతున్నారో చూడండి. మా బడిలో ఒక మేడం నల్లబల్ల మధ్యలో నిలువుగా సుద్దగీత గీసేవారు. ఎడమవైపు నాలుగో తరగతికి తీసివేతలు, కుడివైపు మూడో తరగతికి ఒత్తుల మాటలు. మూడో తరగతి వాళ్లచేత పైకి చదివిస్తున్నంతసేపూ నాలుగో తరగతి వాళ్లు తలొంచుకుని లెక్కలు చేసుకునేవారు, అవి అయ్యాక పలకలు మార్చుకుని ఒకరివి ఒకరు దిద్దుకునేవారు. అలాంటి టీచరు ఉన్న బడి దొరికితే ఇంకేం ఆలోచించకండి. అలా కాకుండా ఒక తరగతికి చెబుతున్నంతసేపూ మిగతా పిల్లలు చేతులు కట్టుకుని ఊరికే కూర్చుంటే, రోజులో సగం ఊరికే పోతున్నట్టే. టీచరు చేతిలో ఫోన్ కనబడగానే తప్పుపట్టకండి. హాజరు, భోజనం వివరాలు యాప్‌లో ఎక్కించే పని వాళ్ల నెత్తిన ఉంది. ఆ పని ఎంతసేపట్లో ముగించి పాఠంలోకి వస్తున్నారన్నది గమనించండి.

ఇంకో సంగతి, చాలామంది అడగరు: బడిలో ఎన్నో తరగతి దాకా ఉంది? 2022లో మన ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చిన 117 జీవో (ఉత్తర్వు)తో చాలా చోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపారు. 2025లో దాన్ని రద్దు చేసి బడుల్ని మళ్లీ సర్దారు. ఇప్పుడు కొన్ని ఒకటి, రెండు తరగతుల ఫౌండేషనల్ స్కూళ్లు, కొన్ని ఐదు దాకా ఉన్న బేసిక్ ప్రైమరీలు, కొన్ని తరగతికో టీచరు ఉండాలని పెట్టిన మోడల్ ప్రైమరీలు. మీ వీధి బడి రెండో తరగతితో ఆగిపోతే మూడో తరగతికి పిల్ల ఎక్కడికి, ఎవరితో, ఏ రోడ్డు దాటి వెళ్లాలో ఇప్పుడే చూసుకోండి.

ఇక నోట్‌బుక్. నన్నడిగితే బడి గుట్టంతా అందులోనే ఉంటుంది. జాకెట్టు బాగా కుట్టారో లేదో తిరగేసి చూసినట్టు మూడో తరగతి పిల్లల తెలుగు, లెక్కల నోట్సులు తిరగేయండి. ప్రతి పేజీకీ ఎర్ర ఇంకుతో టిక్కు ఉందని మురిసిపోవద్దు. ఒకరి తర్వాత ఒకరివి చూడండి. అందరి నోట్సులోనూ అవే వాక్యాలు పొల్లుపోకుండా ఉంటే బోర్డు మీది కాపీ కొట్టిస్తున్నారు. తప్పులు కనబడాలి, ఆ తప్పుల్ని ఎవరో పట్టించుకున్నట్టు కనబడాలి. మా చిన్నదాని నోట్సులో "పువు" అని రాసి ఉండేది. మేడం ఎర్ర పెన్నుతో వ ఒత్తు పెట్టి వదిలేయలేదు, కింద ఐదుసార్లు రాయించారు. రెండు పేజీల తర్వాత "మా ఇంట్లో మందార పువ్వు పూసింది" అని అది సొంతంగా రాసుకుంది, ఒత్తుతో సహా. బడిలో చదువు జరుగుతోందనడానికి నాకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

చదవడం ఎలా ఉందో బడిలో పరీక్షించొద్దు. కొత్తవాళ్లు అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు, టీచర్లకీ బాగుండదు. ఆ బడిలో మూడో తరగతి చదివే పిల్లలు మీ వీధిలో ఉంటారు కదా, సాయంత్రం పిలిచి కూర్చోబెట్టుకుని రెండో తరగతి పుస్తకంలో కథ చదివించండి. పిల్లల చదువులు ఎలా ఉన్నాయో ఊరూరా సర్వే చేసే అసర్ సంస్థ వాళ్లు కూడా ఇలాగే అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. లెక్కల్లో అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత ఇవ్వండి, 42లోంచి 17 లాంటిది. ఒక్క పిల్లతో ఏదీ తేలదు, నలుగురైదుగురిని చూడండి. క్లాసులో ఫస్టొచ్చే పిల్లని మాత్రమే కాదు, వెనక బెంచీలో కూర్చునే పిల్లాణ్ణి కూడా పిలవండి. వెనక బెంచీ పిల్లాడు కూడబలుక్కునైనా కథ చదివితే ఆ బడి మంచి బడి.

ఇంగ్లీషు మీడియం గురించి అందరికీ టెన్షనే. మన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి. ఇంగ్లీషు పేజీ గడగడా చదివిన పిల్లని ఆపి, "దీని అర్థం ఏంటమ్మా?" అని అడగండి. తెలుగులో చెప్పగలిగితే వచ్చినట్టు. ప్రైవేటు బడి పిల్లల్ని కూడా ఇదే ప్రశ్న అడిగి చూడండి, తర్వాత పోల్చుకోండి.

భోజనం టైము దాకా ఉండండి. మధ్యాహ్న భోజన పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మా కోనసీమ లంకల గన్నవరంలో ఆకలని వచ్చినవాళ్లకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన మహాతల్లి ఆవిడ. ఆ పేరు పెట్టుకున్న భోజనం బాగుండాలని నా పట్టుదల. 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. గోడమీద మెనూ చూసి పళ్లెంలో ఉన్నదానితో సరిచూసుకోండి. పప్పులో పప్పు ఎంతుంది, గుడ్డు అందరికీ వచ్చిందా, పిల్లలు తింటున్నారా పారేస్తున్నారా, టీచర్లు ముందుగా రుచి చూస్తున్నారా. వంట చేసే అమ్మతో రెండు మాటలు మాట్లాడండి, బిల్లులు టైముకి వస్తున్నాయో లేదో ఆవిడే చెబుతుంది.

టాయిలెట్‌కి తాళం వేసి ఉందా, లోపల నీళ్లొస్తున్నాయా చూడండి. గట్టి వాన పడ్డ మర్నాడు ఒకసారి అటువైపు వెళ్లి గదుల్లోకి నీళ్లు వచ్చాయేమో చూసుకోండి.

బడి గోడమీద యూడైస్ కోడ్ అని ఆ బడికే చెందిన 11 అంకెల నంబరు రాసి ఉంటుంది. దాంతో కేంద్రం వారి నో యువర్ స్కూల్ సైట్లో పిల్లలెందరు, టీచర్లెందరు అన్నది చూడొచ్చు. అది పాత లెక్క అయ్యుండొచ్చు కాబట్టి మీరు కళ్లతో చూసినదాన్నే నమ్మండి. ఏటేటా పిల్లలు తగ్గిపోతుంటే ఎందుకని ఆ వీధి అమ్మల్ని అడగండి.

కమిటీ సంగతి కూడా కనుక్కోండి. చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. మీటింగులు నిజంగా జరుగుతున్నాయా, సంతకాలు ఇంటికొచ్చి పెట్టించుకుంటున్నారా? సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం నుంచి బడికి గ్రాంటు వస్తుంది, 30 మంది లోపు ఉంటే 10,000, వంద మంది దాకా 25,000. దాన్ని దేనికి ఖర్చుపెట్టారో కమిటీలో ఉన్న అమ్మ చెప్పగలిగితే ఆ కమిటీ బతికే ఉంది.

పిల్లల చదువుకని ప్రభుత్వం తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బులు చూసి బడిని ఎంచుకోవద్దు, ప్రైవేటులో చదివినా అవి వస్తాయి.

నా లెక్క చెబుతాను. ఇద్దరు టీచర్లు క్రమంగా వస్తూ, నోట్సులు దిద్దుతూ, మూడో తరగతి పిల్లలు కథ చదవగలుగుతుంటే పెచ్చులూడిన గోడలున్నా వేసేయమంటాను. ఒక్కరే ఉండి, ఆయన మీటింగుకి వెళ్లిన రోజు బడి మూతపడుతుంటే పక్క ఊరి మోడల్ ప్రైమరీ చూడమంటాను, ఆటో ఖర్చయినా సరే. ఏదైనా వేసవి బదిలీలు అయ్యాక, జూన్‌లో చేర్చే ముందు, మీరు చూసిన టీచర్లే ఉన్నారా అని ఇంకోసారి కనుక్కోండి. చేర్చడానికి ఫీజు లేదు, పరీక్ష లేదు. పుట్టినతేదీ సర్టిఫికెట్ ఇంకా చేతికి రాకపోయినా ఆ కారణంతో పిల్లని వెనక్కి పంపకూడదు, చట్టంలోనే ఉంది. ఎవరైనా కాదంటే మండల విద్యాధికారి ఆఫీసుకి వెళ్లి కాగితం మీద రాసివ్వండి.