సంఖ్యల శ్రేణిలో ఖాళీ నింపే ముందు ఇవి చూసుకోండి

• మొదటి మూడు సంఖ్యలు చూసి సూత్రం తేల్చేయకండి. 1, 2, 4 తర్వాత 8 రావచ్చు (రెట్టింపు), 7 కూడా రావచ్చు (తేడాలు 1, 2, 3). నాలుగోది చూశాకే నమ్మండి.

• తేడాలు కింద రాయండి, మనసులో లెక్క వద్దు. 2, 6, 12, __, 30లో తేడాలు 4, 6. తర్వాత 8 అనుకుంటే ఖాళీలో 20 వస్తుంది. దానికి 10 కలిపితే 30, కుదిరింది! ఇలా అవతలి సంఖ్యతో సరిచూడటమే పిల్లలు ఎక్కువగా వదిలేసేది.

• సంఖ్యలు పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఒకటి విడిచి ఒకటి చూడండి: 3, 10, 5, 12, 7, __. ఇక్కడ 14.

• 20 వరకు వర్గాలు, 10 వరకు ఘనాలు నోటికి రావాలి.

• ఎంతకీ తెగకపోతే టెన్షన్ వద్దు, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోండి.