దగ్గుకు అడ్డసరం, జీర్ణానికి కరక్కాయ, ఎముకలకు నల్లేరు

సీతంపేట, కురుపాం సంతల్లో కరక్కాయలు కొనేటప్పుడు చేతికి బరువుగా తగిలి, నీటిలో వేస్తే మునిగే కాయలనే ఏరుకోవాలి. గింజ తీసి, పెచ్చును మాత్రమే దంచి, పావు చెంచా పొడిని రాత్రివేళ గోరువెచ్చని నీటితో తీసుకుంటే మలబద్ధకం తగ్గుతుంది.

శ్వాసకోశానికి నేను ముందుగా చెప్పేది అడ్డసరం. పశువులు ముట్టవు కనుక దీనిని కంచెగా పెంచుతారు. తెల్లని పువ్వు లోపలి ఊదారంగు గీతలను చూసి మొక్కను గుర్తుపట్టి, నాలుగైదు ముదురాకులను కడిగి తుంచి, రెండు గ్లాసుల నీటిలో సన్నని సెగమీద సగమయ్యేవరకు మరిగించి, వడకట్టి, చల్లారాక తేనె కలిపి, పూటకు పావు గ్లాసు చొప్పున రెండు పూటలా తాగితే కఫం పలచబడి తెగివస్తుంది. ఈ ఆకులోని వాసిసిన్ అనే రసాయనం ఆధారంగానే దగ్గుమందుల్లో వాడే బ్రోమ్‌హెక్సిన్‌ను రూపొందించారు. గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం ఉన్నందున గర్భిణులు దీనిని ఎంతమాత్రం తాగరాదు. దగ్గు 2 వారాలు దాటితే కషాయంతో కాలయాపన చేయక, కఫం పరీక్ష చేయించుకోవాలి.

ఎముకల బలానికి నల్లేరు పచ్చడి పెద్దలు చెప్పినదే. చేతులకు నూనె రాసుకొని లేత కాడల నార తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండుతో నూరాలి; పచ్చిదనం మిగిలితే గొంతు దురద పెడుతుంది. ఎముక విరిగినప్పుడు మాత్రం ముందు వైద్యునిచేత కట్టు కట్టించుకోవాలి.