పూర్వ విద్యార్థులు, విరాళాలు, నిబంధనలు – 4వ పాఠం: షరతు ఉన్న విరాళాన్ని కాగితం మీద పెట్టడం

మీ విశ్వవిద్యాలయం తరఫున చాలా ఏళ్లుగా ఎవరూ పలకరించని పూర్వ విద్యార్థుల్లో ఐదుగురికి ఫోన్ చేయమని, డబ్బు మాట ఎత్తకుండా మాట్లాడమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ పని ఓపిగ్గా చేస్తూ పోతే నెలకో ఏడాదికో ఇలాంటి ఫోన్ ఒకటి వస్తుంది: “మా అమ్మ పేరు మీద స్కాలర్‌షిప్ పెట్టాలనుందండీ. ఏం చేయాలి?”

“తప్పకుండా సార్, అకౌంట్ నంబర్ పంపిస్తాను” అనాలని నోటి దాకా వస్తుంది. అనకండి. ముందు మనసారా సంతోషం చెప్పండి. తర్వాత ఆయన మనసులో ఏముందో అడిగి, ఆయన అన్న మాటలు అన్నట్టుగానే రాసుకోండి. అకౌంట్ నంబర్ ఇవ్వడం ఆఖరి పని. ఆ ఫోన్‌కీ ఈ నంబర్‌కీ మధ్య ఒక కాగితం ఉండాలి. దాన్ని ఎలా రాయాలన్నదే ఈ పాఠం.

విరాళాలు రెండు రకాలు. “మీకు ఏది అవసరమైతే దానికి వాడుకోండి” అని ఇచ్చేది మొదటి రకం. దానికి రసీదు, కృతజ్ఞతా పత్రం, పద్దులో ఒక వరుస చాలు. “ఈ పనికే వాడండి” అని ఇచ్చేది రెండోది, షరతు ఉన్న విరాళం. ఈ డబ్బు మన ఖాతాలో ఉన్నా మన ఇష్టానికి ఖర్చు పెట్టేది కాదు. జీతాలకు ఇబ్బందిగా ఉందని నెల రోజుల కోసం అందులోంచి తీసినా తప్పే.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒకావిడ మా ఆఫీసుకు వచ్చారు. “మా నాన్నగారి పేరుతో ఇక్కడ గోల్డ్ మెడల్ ఉందండీ. ఈ ఏడాది ఎవరికి వచ్చిందో చెప్తారా? ఆ పిల్లకి ఒక ఉత్తరం రాద్దామని” అన్నారు. పాత రిజిస్టర్లు తీశాం. పేరుంది, మొత్తం ఉంది, డబ్బు బ్యాంకులో భద్రంగా ఉంది. మెడల్ మాత్రం ఆరేళ్లుగా ఎవరికీ ఇవ్వలేదు. ఏ కోర్సులో మొదటి ర్యాంకు వచ్చినవాళ్లకు ఇవ్వాలని ఆయన రాశారో, ఆ కోర్సును ఇంకో కోర్సులో కలిపేశారు. కొత్త కోర్సువాళ్లకు ఇవ్వచ్చా లేదా అన్నది ఎక్కడా రాసి లేదు. ఎందుకొచ్చిన తంటా అని ఒక్కొక్క అధికారీ ఫైలును పక్కన పెట్టేశారు. ఎవరూ పైసా తినలేదు, అయినా ఆవిడ ముందు తలెత్తుకోలేకపోయాం. ఆ కాగితంలో ఒక్క వాక్యం తక్కువైంది, అంతే.

పెద్ద సంస్థలకూ ఈ చిక్కు తప్పలేదు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి 1961లో రాబర్ట్‌సన్ దంపతులు 3.5 కోట్ల డాలర్ల విలువైన షేర్లు ఇచ్చారు. ప్రభుత్వ సేవలోకి, ముఖ్యంగా విదేశీ వ్యవహారాల్లోకి వెళ్లే విద్యార్థులను తయారు చేయాలన్నది వాళ్ల ఉద్దేశం. డబ్బును ఆ ఉద్దేశానికి వాడటం లేదంటూ వాళ్ల పిల్లలు 2002లో కోర్టుకెళ్లారు. 2008 చివర్లో రాజీ కుదిరేసరికి లాయర్ల ఫీజులే కోట్ల డాలర్లయ్యాయి. రాసుకున్న మాటలు అవే, వాటిని రెండు పక్షాలూ చెరో రకంగా చదివాయి.

ఇప్పుడు మన ఫోన్ దగ్గరికి వద్దాం. దాత అన్న మాట ఇది అనుకోండి: “మా ప్రాంతం నుంచి వచ్చి ఫిజిక్స్ చదివే పేద అమ్మాయికి ఏటా ఇవ్వండి.”

మాటలో ఎంత ప్రేమ ఉందో చూడండి. అదే మాటను ఇప్పుడు గుమాస్తా కళ్లతో చదవండి. “మా ప్రాంతం” అంటే ఎంతవరకు? పేదరికాన్ని దేనితో కొలవాలి? ఒక ఏడాది అలాంటి అమ్మాయి ఎవరూ చేరకపోతే? ఫిజిక్స్‌ను ఇంకో విభాగంలో కలిపేస్తే? ఆడపిల్లలకే అన్న షరతుకు మన చట్టం ఒప్పుకుంటుందా? కొన్ని దేశాల్లో వివక్ష నిరోధక చట్టాలు ఇలాంటి షరతులకు అడ్డొస్తాయి కాబట్టి ఈ చివరి ప్రశ్న న్యాయ సలహాదారును అడగకుండా వదలకండి.

ఈ ప్రశ్నలన్నీ దాత ముందు పెట్టండి. మొహమాటపడొద్దు. ఆయనకు తన కోరిక మీద మీకెంత పట్టింపు ఉందో తెలిసేది అప్పుడే. మాట్లాడుకున్నాక వాక్యం ఇలా తేలుతుంది:

“భౌతికశాస్త్రం చదువుతూ, విశ్వవిద్యాలయ నిబంధనల ప్రకారం ఆర్థిక సాయానికి అర్హత ఉన్న విద్యార్థినికి ఏటా ఈ స్కాలర్‌షిప్ ఇవ్వాలి. అర్హుల్లో ఫలానా ప్రాంతం వారు ఉంటే వారికి ప్రాధాన్యం. ఏ ఏడాదైనా అర్హులు లేకుంటే ఇతర విజ్ఞానశాస్త్ర విభాగాల విద్యార్థినికి ఇవ్వాలి. కాలక్రమంలో ఈ ఉద్దేశాన్ని నెరవేర్చడం సాధ్యం కాకపోతే, పాలకమండలి దాతను, ఆయన లేకుంటే వారి కుటుంబాన్ని సంప్రదించి, మొదటి ఉద్దేశానికి వీలైనంత దగ్గరగా ఉన్న పనికి నిధిని వాడవచ్చు.”

“ప్రాధాన్యం” అన్న ఒక్క మాట షరతును కోరికగా మార్చింది. ఆ ప్రాంతం నుంచి ఎవరూ రాకపోయినా స్కాలర్‌షిప్ ఆగదు. చివరి వాక్యం ఇంకా ముఖ్యమైనది. అది లేకపోతే ఉద్దేశం మార్చుకోవడానికి చాలా దేశాల్లో కోర్టుకో, ధార్మిక సంస్థల నియంత్రణాధికారి దగ్గరికో వెళ్లాలి. మా మెడల్ కాగితంలో లేనిది ఆ వాక్యమే.

ఇక డబ్బు లెక్క. శాశ్వత నిధి అంటే అసలు మొత్తాన్ని ముట్టుకోకుండా, దాని మీద వచ్చేదాంట్లో కొంత ఖర్చు పెట్టి, మిగిలింది ధరల పెరుగుదలను తట్టుకోవడానికి అసలులోనే కలుపుకునే ఏర్పాటు. ఏటా నిధిలో 4 శాతం ఖర్చు పెట్టడం మీ సంస్థ విధానమైతే, స్కాలర్‌షిప్‌కు ఏడాదికి కావలసిన మొత్తానికి 25 రెట్లు నిధి ఉండాలి. దాత దగ్గర పది రెట్లే ఉంటే? “శాశ్వతం” అన్న మాట వాడకండి. “పదేళ్లపాటు ఏటా ఒకరికి పూర్తిగా ఇద్దాం సార్, ఆ తర్వాత కొనసాగించాలనుకుంటే అప్పుడు చూద్దాం” అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెప్పేటప్పుడు కొంచెం టెన్షన్‌గానే ఉంటుంది. అయినా చాలామంది దాతలు సంతోషంగా ఒప్పుకోవడం నేను చూశాను. పేరు పెద్దగా పెట్టి ఏటా చాలీచాలని మొత్తం పిల్లల చేతిలో పెట్టడం కంటే ఇది ఎంతో మేలు.

ఎంపిక ఎవరు చేయాలి? విశ్వవిద్యాలయం. దాత మెడల్ అందించడానికి రావచ్చు, విద్యార్థిని కలవవచ్చు, కానీ ఎవరికి ఇవ్వాలో చెప్పకూడదు. చాలా చోట్ల పన్ను మినహాయింపు కూడా దీనితోనే ముడిపడి ఉంటుంది. 1991లో లీ బాస్ అనే పూర్వ విద్యార్థి యేల్ విశ్వవిద్యాలయానికి 2 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆ డబ్బుతో నియమించే అధ్యాపకుల విషయంలో తన ఆమోదం కూడా ఉండాలని తర్వాత అడిగారు. యేల్ ఒప్పుకోలేదు. 1995లో మొత్తం తిరిగి ఇచ్చేసింది. అంత డబ్బు వదులుకోవడం తేలికేం కాదు, కానీ ఇంకో దారి లేదు. మొదటి సమావేశంలోనే ఈ గీత గీసి ఉంటే అంత దూరం వచ్చేది కాదని నా నమ్మకం.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడాలి. లిబియా పాలకుడు గడాఫీ కొడుకు నడిపిన ఫౌండేషన్ నుంచి విరాళం తీసుకున్న వివాదంలో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ డైరెక్టర్ 2011లో రాజీనామా చేయాల్సి వచ్చింది. ఒక మొత్తం దాటిన ప్రతి విరాళాన్నీ, ముఖ్యంగా విదేశాల నుంచి వచ్చేవాటిని, సేకరించే ఉద్యోగి కాకుండా వేరే కమిటీ పరిశీలించాలి. దాన్ని తెచ్చిన మనకు అందులో లోపం కనపడదు. దీని గురించి 6వ పాఠంలో వివరంగా చెప్తాను.

సంతకాలయ్యాక కాగితం మూడు కాపీలు: దాతకు ఒకటి, ఫైనాన్స్ విభాగానికి ఒకటి, మన ఫైలుకు ఒకటి. పద్దుల్లో ఆ నిధికి సొంత నంబర్ ఉండాలి. ఏటా ఒకే నెలలో దాతకు ఉత్తరం వెళ్లాలి. నిధి ఎంత ఉంది, ఎంత ఖర్చయింది, ఎవరికి అందింది, ఏ కారణం చేతనైనా ఇవ్వలేకపోతే ఎందుకు ఇవ్వలేదు. ఈ నాలుగూ ఒక పేజీలో పడతాయి. విద్యార్థి పేరు, ఫొటో పంపేముందు ఆ విద్యార్థి ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోండి. యూరప్‌లో 2018 మే 25న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లోకి వచ్చాక అక్కడ వ్యక్తిగత వివరాల విషయంలో పట్టు బాగా పెరిగింది. మీ దగ్గర అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, సాయం తీసుకున్నంత మాత్రాన ఆ పిల్ల తన ఇంటి పరిస్థితి అందరికీ తెలియజేయాల్సిన పని లేదు.

ఈ వారం అభ్యాసం: మీ సంస్థలో ఒకరి పేరు మీద ఉన్న నిధుల్లో అన్నిటికంటే పాతదాన్ని ఎంచుకోండి. దాత అసలు రాసిన మాటలేమిటో వెతికి ఒక కాగితం మీద దించండి. కిందటేడు ఆ డబ్బు దేనికి వెళ్లిందో పక్కనే రాయండి. దాత ఒప్పంద పత్రం దొరకకపోతే ఎక్కడెక్కడ వెతికారో, ఎవరిని అడిగారో రాసి తేదీ వేయండి. 5వ పాఠం మీరు రాసిన ఆ కాగితంతోనే మొదలవుతుంది.